ఉలవలకు తోడు ఇంకేం పెట్టాలి? గుర్రాల మేతపై పాఠకుల ప్రశ్నలు

గుర్రాల మేత గురించి విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి, పైన ఏజెన్సీ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఉలవలు, శనగలు కాకుండా గుర్రానికి ప్రొటీన్ ఇంకెందులో దొరుకుతుందని దాదాపు అందరూ అడిగారు. జవాబుల్లో లెక్కలన్నీ 250 కిలోల గుర్రానికి వేశాం. సవారీలకు, పెళ్లి ఊరేగింపులకు, కొండల్లో సంతలకు తిరిగే పొట్టి గుర్రాలు చాలావరకు ఆ బరువుకు అటూ ఇటూగా ఉంటాయి. మీ గుర్రం అంతకన్నా పెద్దదైతే బరువును బట్టి పెంచుకోండి.

ప్రశ్న: ఆర్.కె. బీచ్‌లో సవారీకి రెండు గుర్రాలు తిప్పుతాను. మా నాన్న కాలం నుంచీ ఉలవ గుగ్గిళ్లే పెడుతున్నాం. ఇప్పుడు ఒక్కోదానికి రోజుకు రెండు కిలోలు ఉడకబెడుతున్నాను. పది కిలోల సూపర్ నేపియర్ గడ్డి, మూడు కిలోల వరిగడ్డి కూడా వేస్తాను. అయినా వీపు మీద కండ పట్టడం లేదు. ఇంకా ఏం పెట్టాలి?

జవాబు: ముందు బరువు తెలుసుకోండి. కుట్టుపని టేపు చాలు. ముందుకాళ్ల వెనక, జీను పట్టీ పడే చోట ఛాతీ చుట్టుకొలత తీయండి. భుజం ముందు ఎముక మొన నుంచి తుంటి చివరి ఎముక వరకు పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే ఉండాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 145, పొడవు 140 అయితే 248 కిలోలు అన్నమాట.

ఆ బరువున్న గుర్రం ఊరికే సాలలో నిలబడితే రోజుకు 315 గ్రాముల ప్రొటీన్ కావాలి. తేలికపాటి పనికి 350, మోస్తరు పనికి 385 గ్రాములు. ఇప్పుడు మీ మేత చూద్దాం. పది కిలోల పచ్చి నేపియర్‌లో నీరు పోగా మిగిలేది రెండు కిలోలే, అందులో ప్రొటీన్ దాదాపు 160 గ్రాములు. మూడు కిలోల వరిగడ్డిలో ఓ వంద. రెండు కిలోల ఉలవల్లో 440. మొత్తం కలిపి 700 గ్రాములు, అంటే అవసరానికి దాదాపు రెట్టింపు. మీ గుర్రానికి ప్రొటీన్ తక్కువై కండ పట్టకపోవడం కాదిది.

మిగులు ప్రొటీన్‌ను శరీరం దాచుకోదు, యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. గుర్రం ఎక్కువ నీళ్లు తాగుతుంది, సాల త్వరగా తడుస్తుంది, పొద్దున తలుపు తీయగానే ముక్కు మండే అమ్మోనియా ఘాటు వస్తుంది. ఆ ఘాటు గుర్రం ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. ప్రొటీన్‌ను విరగ్గొట్టేటప్పుడు ఒంట్లో వేడి కూడా ఎక్కువ పుడుతుంది. మే నెల విశాఖ ఉక్కపోతలో చెమట ఆరక అవస్థపడే గుర్రానికి ఇది అదనపు భారం. పైగా రెండు కిలోల ఉలవల్లో సుమారు 700 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు కిలో బరువుకు ఒక గ్రాము, అంటే మీ గుర్రానికి 250 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. మీరు రెండు పూటలే పెడుతున్నట్లయితే పూటకు 350 పడుతోంది. చిన్నపేగులో అరగని పిండి పెద్దపేగులోకి వెళ్లి పులిసి కడుపునొప్పికి దారి తీస్తుంది, ఒక్కోసారి గిట్టల వాపు దాకా పోతుంది.

మా సలహా ఇది. ఉలవలు అర కిలోకు తగ్గించి రెండు పూటలుగా పెట్టండి. వరిగడ్డి సగానికి తగ్గించి, రెండు కిలోల ఎండు వేరుశనగ తీగ కలపండి. తీగలో ప్రొటీన్ పది శాతం దాకా ఉంటుంది, నమలడానికి పని, కడుపుకు నార కూడా దొరుకుతాయి. మన్ను దులిపి, బూజు పట్టినవి ఏరేసి వేయాలి. నేపియర్ అలాగే ఉంచండి. ఇలా వేస్తే ప్రొటీన్ 500 గ్రాములు దాటుతుంది. గడ్డిలో ప్రొటీన్ అంతా అరగదు కాబట్టి ఆ కొంచెం మిగులు ఉండాలి. ఈ మార్పు పది రోజుల్లో మెల్లగా చేయండి. ఇంత చేశాక కూడా వీపు పల్లంగానే ఉంటే దంతాలు అరగదీయించారా, నట్టల మందు ఎప్పుడు వేశారు, జీను ఎక్కడైనా ఒత్తుతోందా అని చూడాలి. ఇంకో మాట. బీచ్‌లో మేత ఇసుక మీద పోయకండి. ఇసుక పేగులో పేరుకుంటే వచ్చే కడుపునొప్పి ప్రాణం మీదకు తెస్తుంది. బకెట్‌లోనో గంపలోనో పెట్టండి.

ప్రశ్న: ఉలవలు పచ్చివి నానబెట్టి పెడితే చాలదా? ఉడకబెట్టడానికి కట్టెలు, గ్యాసు ఖర్చు ఎక్కువవుతోంది. ఉలవచారుకు కట్టు తీసేశాక హోటల్లో మిగిలిన ఉలవలు పెట్టవచ్చా?

జవాబు: ఉడికించాల్సిందే. పచ్చి ఉలవల్లో ప్రొటీన్‌ను అరగనివ్వని ట్రిప్సిన్ నిరోధకాలు, పేగు గోడకు అంటుకునే లెక్టిన్లు ఉంటాయి. నానబెడితే టానిన్లు అనే వగరు పదార్థాలు కొంత పోతాయి కానీ నిరోధకాలను, లెక్టిన్లను చంపాలంటే వేడే కావాలి. రాత్రి నానేయండి, పది గంటలు నానాక ఆ నీళ్లు పారబోయండి. గింజకు మూడింతలు కొత్త నీళ్లు పోసి ఉడికించండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టుతో సహా మెత్తగా నలగాలి, మధ్యలో పలుకు తగలకూడదు. ప్రెషర్ కుక్కర్ వాడితే గ్యాసు సగానికి పైగా మిగులుతుంది. తూకం ఎప్పుడూ ఎండు గింజలకే వేయండి. అర కిలో ఉలవలు ఉడికాక కిలో దాటి తూగుతాయి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

చల్లారాక ఆ రోజే పెట్టేయాలి. విశాఖ గాలి తేమకు పొద్దున ఉడికినవి సాయంత్రానికే జిగురు సాగుతాయి. పుల్లటి వాసన వస్తే గుర్రానికి పెట్టవద్దు. పనిచేసే గుర్రానికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల ఉప్పు గుగ్గిళ్లలోనే కలపవచ్చు.

హోటల్లో మిగిలిన ఉలవల్లో ప్రొటీన్ చాలావరకు అలాగే ఉంటుంది, కట్టు తీసినంత మాత్రాన పోదు. ఉప్పు, మసాలా పడకముందే, అదే రోజు తెచ్చుకోగలిగితే నిరభ్యంతరంగా వాడండి. పోపు పడ్డాక మాత్రం వద్దు. ఉల్లిపాయ గుర్రం రక్తకణాలను విరగ్గొడుతుంది.

ప్రశ్న: మాకు పెందుర్తి దగ్గర పాడి ఉంది. రెండు గుర్రాలు కూడా పెంచుతున్నాం. గేదెలకు తెచ్చే దాణాలో ప్రొటీన్ 20 శాతం అని సంచి మీద రాసి ఉంది. అదే గుర్రాలకూ వేస్తే పోదా? పక్కన కోళ్ల ఫారంలో మిగిలిన బ్రాయిలర్ దాణా కూడా ఉచితంగా ఇస్తామంటున్నారు.

జవాబు: రెండూ వద్దు. ఈ జవాబు కాస్త పొడవుగా రాస్తున్నాం. గుర్రాన్నీ గేదెనూ ఒకే కొట్టంలో పెంచే ప్రతి ఇంట్లో ఇది తెలిసి ఉండాలి.

గేదె తిన్న మేత ముందు పెద్దకడుపులో పులుస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు నాసిరకం నత్రజనిని కూడా తిని పెరుగుతాయి, తర్వాత అవే చిన్నపేగులోకి వెళ్లి గేదెకు మంచి ప్రొటీన్ అవుతాయి. గుర్రంలో వరస తలకిందులు. మేత ముందు చిన్నపేగు దాటుతుంది, పులిసేది ఆ తర్వాత పెద్దపేగులో. అక్కడ పెరిగిన సూక్ష్మజీవుల ప్రొటీన్‌లో గుర్రానికి దక్కేది చాలా తక్కువ, మిగతాది పేడలో పోతుంది. అందుకే గుర్రానికి నోట్లోకి వెళ్లే ప్రొటీనే మంచిది అయి ఉండాలి. అందులోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తగినంత ఉండాలి. లైసిన్ తక్కువైతే మిగతా ప్రొటీన్ ఎంత ఉన్నా కండ కట్టదు. 250 కిలోల గుర్రానికి రోజుకు 13.5 గ్రాములు, మోస్తరు పని చేస్తే 16.5 గ్రాముల లైసిన్ కావాలి.

సంచి మీద రాసిన 20 శాతం అంటే దాణాలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణించి చెప్పే అంకె. యూరియాలో నత్రజని 46 శాతం. పది గ్రాముల యూరియా కలిపితే కాగితం మీద 28 గ్రాములకు పైగా ప్రొటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. పాడి దాణాల్లో కొన్నింటిలో యూరియా ఉంటుంది. గేదె పెద్దకడుపు దాన్ని వాడుకుంటుంది. గుర్రంలో అది చిన్నపేగులోనే రక్తంలో కలిసి మూత్రంలోకి పోతుంది. ఎక్కువైతే అమ్మోనియా విషమవుతుంది.

అసలు భయం యూరియా కాదు, మోనెన్సిన్, సాలినోమైసిన్. కోళ్లలో కాక్సీడియా రోగం రాకుండా బ్రాయిలర్ దాణాలో వీటిని కలుపుతారు, కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ ఉంటుంది. కోడికి మందైనది గుర్రానికి గుండె కండరాన్ని చంపే విషం. గుర్రం కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు, సాలినోమైసిన్ అయితే అర మిల్లీగ్రాము దాటినా ప్రమాదమే. టన్నుకు 60 గ్రాముల సాలినోమైసిన్ కలిపిన దాణా రెండున్నర కిలోలు తింటే 250 కిలోల గుర్రం చనిపోవచ్చు. విరుగుడు మందు లేదు. మేత మానేయడం, చెమటలు, వెనక కాళ్లు తడబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే గుర్రాన్ని నడిపించకుండా అక్కడే నిలబెట్టి వెంటనే డాక్టర్‌ను పిలవండి. తిన్న దాణా సంచి చూపించండి.

గేదెల దాణా గదికి గడియ వేయండి. ఒకే తట్ట, ఒకే బకెట్ రెండింటికీ వాడకండి.

ప్రశ్న: పశుసంవర్ధక శాఖ వాళ్లు చెప్పారని ఇంటి వెనక అజొల్లా గుంట వేశాం. ఆవులు బాగా తింటున్నాయి. గుర్రానికి పెడితే ఉలవలు మానేయవచ్చా?

జవాబు: పెట్టవచ్చు, ఉలవలు మాత్రం మానలేరు. అజొల్లాలో 20 నుంచి 25 శాతం ప్రొటీన్ అంటే ఎండినదానిలో. పచ్చిదానిలో 94 శాతం నీరే. కిలో పచ్చి అజొల్లాలో దొరికేది 13 గ్రాములు. అర కిలో ఉలవల్లో ఉన్న 110 గ్రాములు రావాలంటే ఎనిమిది కిలోలు తినిపించాలి, ఏ గుర్రమూ తినదు. ఒకటి రెండు కిలోలు పచ్చిమేతలా వేస్తే మంచిదే. పేడనీళ్ల వాసన ఉంటే గుర్రం మూతి కూడా పెట్టదు. జల్లెడలో వేసి మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, పిండి, తవుడులో కలిపి మొదట గుప్పెడు పెట్టి చూడండి.

ప్రశ్న: హుకుంపేట మండలంలో మాది కొండ మీద ఊరు. సంతకు బస్తాలు మోయడానికి గుర్రం ఉంది. ఇక్కడ ఉలవలు పండుతాయి గానీ రాజ్‌మా నూక, వలిసె చెక్క చవకగా దొరుకుతాయి. అవి వేయవచ్చా?

జవాబు: చాలా మంచి ప్రశ్న. రెండూ మీ నేలలో పండేవే, రెండూ పనికొస్తాయి. వాడే పద్ధతి మాత్రం వేర్వేరు.

రాజ్‌మాతో జాగ్రత్త. చిక్కుడు జాతి గింజలన్నిటిలోకీ పచ్చి రాజ్‌మాలో లెక్టిన్ చాలా ఎక్కువ. పచ్చిగా, నూకగా దంచి పెడితే గుర్రానికి కడుపునొప్పి, విరేచనాలు తప్పవు. సగం ఉడికినది ఇంకా ప్రమాదం, సన్నని సెగ మీద గోరువెచ్చగా ఉంచితే విషం పోకపోగా పెరుగుతుంది. పది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుతకుతలాడేలా ఉడికించాలి. కింద మైదానంలో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరిగితే అరకు ఎత్తులో 97 దగ్గరే మరుగుతాయి. కాబట్టి పొంగు వచ్చాక మరో ముప్పావుగంట తగ్గకుండా మరగనివ్వండి. నూక మెత్తబడగానే దించేయకండి. నూక త్వరగా మెత్తబడుతుంది, విషం అంత త్వరగా పోదు. ఎండు తూకంలో రోజుకు 200 గ్రాములతో మొదలుపెట్టి, అరుగుతోందని పేడ చూసి తెలుసుకున్నాకే 400కు వెళ్లండి.

వలిసె చెక్కలో ప్రొటీన్ దాదాపు 30 శాతం. గానుగ చెక్క కాబట్టి నూనె మిగిలి ఉంటుంది, బరువులు మోసే గుర్రానికి ఆ నూనె బలమే. లోపం ఏమిటంటే లైసిన్ తక్కువ. పప్పుజాతి గింజల్లో లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. నూనెగింజల చెక్కల్లో దీనికి సరిగ్గా ఎదురు. అందుకే ఉలవలు 300 గ్రాములు, వలిసె చెక్క 200 గ్రాములు కలిపి పెడితే ఒక్కోటి విడిగా పెట్టినదానికన్నా బాగా ఒంటబడుతుంది. చెక్కను దంచి రెండు గంటలు నానబెట్టండి. గడ్డకట్టి ఉన్న చెక్క గొంతుకు అడ్డుపడుతుంది. వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. కాగిన పాతనూనె కంపు వస్తే అది గుర్రానికి కాదు, కాఫీ మొక్కల పాదుకు.

ప్రశ్న: మా గుర్రానికి తోక వెంట్రుకలు, జూలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతున్నాయి. గిట్టల మీద ఉంగరాల్లా గీతలు వచ్చాయి. రెండు నెలలుగా మేకలతో పాటు సుబాబుల్ ఆకు బాగా మేపుతున్నాం. ఆకులో ప్రొటీన్ ఎక్కువని విన్నాం. కారణం అదేనా?

జవాబు: చాలావరకు అదే. సుబాబుల్ ఆకులో ప్రొటీన్ ఎక్కువే, అయితే దానితోపాటు మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. వెంట్రుకలు, గిట్ట పెరిగే కణాలను అది ఆపేస్తుంది. అలవాటు పడిన మేకల పెద్దకడుపులో దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. గుర్రం రక్తంలోకి అది నేరుగా వెళ్లిపోతుంది. ఈ రోజే ఆపేయండి. వెంట్రుకలు మళ్లీ వస్తాయి. గిట్ట నెలకు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఆ గీతలు కిందికి దిగి పోవడానికి చాలా నెలలు పడుతుంది. ఈలోగా రాళ్ల మీద పరుగెత్తించకండి. సెలీనియం అనే ఖనిజం ఎక్కువైనా ఇవే గుర్తులు కనిపిస్తాయి కాబట్టి డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

బదులుగా దశరథ గడ్డి, అలసంద, వరి కోశాక చల్లే పిల్లిపెసర మేపండి. మునగాకు ఇంకా మంచిది. నీడన ఎండబెడితే నాలుగోవంతు ప్రొటీనే. రోజుకు 200 గ్రాముల ఎండాకుతో 50 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, కాల్షియం కూడా బాగా దొరుకుతుంది. పిల్లిపెసర పక్క మడిలోనే జనుము వేసుకుంటారు. అది గుర్రానికి వేయకండి. కాయ, గింజ పట్టిన జనుము కాలేయాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఆ నష్టం బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు తెల్లగుర్రం ఉంది. నిగనిగలాడాలని రోజూ ఆరు పచ్చిగుడ్లు, లీటరు గేదెపాలు పోస్తున్నాం. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపల పొడి కూడా పెట్టమని మావయ్య చెబుతున్నాడు. మంచిదేనా?

జవాబు: జంతువుల నుంచి వచ్చే ప్రొటీన్‌ను గుర్రాలకు పెట్టడం ప్రపంచంలో కొత్త కాదు. ఐస్‌లాండ్‌లో చలికాలం గుర్రాలకు ఉప్పు పట్టించిన హెర్రింగ్ చేపలు పెట్టేవారు. అరేబియా తీరంలో గుర్రాలు చిన్న ఎండుచేపలు తినడం గురించి మార్కోపోలో రాశాడు. గడ్డి పుట్టని చోట్ల చేసుకున్న ఏర్పాట్లవి. మీకు ఆ అవసరం లేదు.

ఆరు గుడ్లలో 36 గ్రాములు, లీటరు పాలలో 40 లోపు. రెండూ కలిపి దాదాపు 75 గ్రాములు. 350 గ్రాముల ఉలవల్లో అంత ప్రొటీన్ ఉంది. ధర మీరే పోల్చుకోండి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను పట్టేస్తుంది. గిట్టకు, వెంట్రుకకు కావలసిన విటమిన్ అదే, అంటే నిగనిగ కోసం పెడుతున్నది నిగనిగకే అడ్డు. సాల్మొనెల్లా అనే రోగక్రిమి భయం వేరే. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే శక్తి మూడేళ్లు దాటిన గుర్రంలో బాగా తగ్గిపోతుంది, పేడ పల్చబడుతుంది. వెంట్రుక మెరవాలంటే 50 మిల్లీలీటర్ల మంచి నూనె, రోజూ మాలిషు చేయండి.

చేపల పొడి అసలైనదైతే 60 శాతం ప్రొటీన్, లైసిన్‌కు లోటే లేదు. మార్కెట్లో కోళ్ల మేతకని అమ్మే పొడిలో ఇసుక, ఉప్పు ఎంత ఉంటుందో చెప్పలేం. గాజు గ్లాసులో నీళ్లు పోసి చెంచాడు పొడి వేసి కలిపి ఐదు నిమిషాలు ఆగండి, అడుగున ఇసుక పొర విడిగా కనిపిస్తుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు తెలిసిపోతుంది. ఇసుక లేకపోయినా ఉక్కకు నూనె కాగిపోయి ఉంటుంది. మావయ్యగారి మాట కాదనడం కష్టమే అయినా, ఈ ఒక్కటి మానేయండి.

ప్రశ్న: పూర్ణా మార్కెట్ నుంచి ఆరు నెలలకు సరిపడా వేరుశనగ చెక్క ఒకేసారి తెచ్చుకుంటాం. వానాకాలంలో గుర్రం మేత సరిగా తినదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: బూజు. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ 40 నుంచి 45 శాతం, చూడటానికి ఇంతకన్నా లాభసాటిది లేదు. తడి తగిలితే ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని తింటుంది. బూజు కంటికి కనిపించకపోయినా విషం ఉండవచ్చు, ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో రెండు వారాలకు మించి సరుకు తేవద్దు. నేల నుంచి జానెడు ఎత్తున చెక్కబల్ల మీద, గోడకు ఆనకుండా పెట్టండి. విరిచినప్పుడు పెళుసుగా విరగాలి. వంగి, ముక్కిపోయిన వాసన వస్తే పారేయండి. కళ్లలో పసుపు తేలితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలవండి. ఆ నెలల్లో తెలగపిండికి మారడం మేలు. నువ్వుల చెక్కలో మిథియోనిన్ బాగుంటుంది, లైసిన్ మరీ తక్కువ కాబట్టి ఉలవలతోనే జత కట్టండి, 200 గ్రాములు దాటించకండి.

చెక్కలమ్మే దుకాణాల్లో ఎరువుకని ఆముదం చెక్క, వేప చెక్క, కానుగ చెక్క కూడా పక్కపక్కనే ఉంటాయి. ఆముదం చెక్కలోని రిసిన్ గుప్పెడు లోపే గుర్రాన్ని చంపగలదు. తూచే తట్ట దేనికి వాడారో కళ్లతో చూసి తెచ్చుకోండి.

ప్రశ్న: తవుడులో కూడా 13 శాతం ప్రొటీన్ ఉంది కదా, రోజుకు రెండు కిలోలు వేస్తున్నాం. ఈమధ్య గుర్రం ముఖం ఎముకలు ఉబ్బినట్టున్నాయి, ఒక రోజు ఒక కాలు, మరో రోజు ఇంకో కాలు కుంటుతోంది.

జవాబు: ఇది ఎముకల్లో కాల్షియం కరిగిపోయే జబ్బు. కిలో తవుడులో భాస్వరం 15 గ్రాములు, కాల్షియం ఒక గ్రాము కూడా ఉండదు. గుర్రానికి కాల్షియం ఎప్పుడూ భాస్వరం కన్నా ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండింతలు. చాలకపోతే శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది, దవడ, ముఖం ఎముకల్లో ఆ చోటు నార కణజాలంతో నిండి ఉబ్బుతుంది. నేపియర్, వరిగడ్డిలోని ఆక్సలేట్ ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. తవుడు వెంటనే అర కిలోకు తగ్గించండి. పశువుల మేతకు వాడే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, రోజుకు 50 నుంచి 60 గ్రాములు తడి దాణాలో కలపండి. తాంబూలం సున్నం, గోడకు వేసే సున్నం నోరు కాలుస్తాయి, అవి వద్దే వద్దు. లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం దొరికితే రోజుకు కిలో ఎండుమేత వేయండి, ప్రొటీన్, కాల్షియం రెండూ వస్తాయి. ఉబ్బు పూర్తిగా తగ్గకపోవచ్చు, కుంటు మాత్రం కొన్ని వారాల్లో తగ్గాలి. డాక్టర్ చూడాల్సిన కేసు ఇది.

ప్రశ్న: స్పిరులినా, ఈస్ట్ పొడి గురించి చెప్పండి.

జవాబు: స్పిరులినా అనే నాచు పొడిలో 60 శాతం ప్రొటీన్. గుర్రానికి పెట్టేది 20 గ్రాములు, వచ్చేది 12 గ్రాములు. ప్రొటీన్ కోసమైతే డబ్బు దండగ. బ్రూవర్స్ ఈస్ట్ 30 నుంచి 50 గ్రాములు బి విటమిన్ల కోసం పెట్టుకోవచ్చు. బీరు తయారీలో మిగిలిన తడి పిప్పి మాత్రం మన ఎండలకు ఒక్క రోజు కూడా నిలవదు.

ప్రశ్న: భీమిలిలో మా ఆడగుర్రం ఈని మూడు వారాలైంది. పిల్ల బాగా తాగుతోంది, తల్లి చిక్కిపోతోంది. ఉలవలు ఎంతకు పెంచాలి?

జవాబు: అదనపు ప్రొటీన్ నిజంగా కావలసింది ఇలాంటి గుర్రానికే. పాలిచ్చే మొదటి నెల 250 కిలోల తల్లికి రోజుకు 768 గ్రాముల ప్రొటీన్, 42 గ్రాముల లైసిన్ కావాలి. మామూలు రోజులతో పోలిస్తే ప్రొటీన్ రెండున్నర రెట్లు, లైసిన్ మూడు రెట్లు. ఉలవలు ఒక్కటే పెంచుకుంటూ పోతే పిండిపదార్థం మితిమీరుతుంది. ఇక్కడ సోయా చెక్కను మించింది లేదు. 45 శాతం ప్రొటీన్, వంద గ్రాములకు దాదాపు 2.8 గ్రాముల లైసిన్.

వేరుశనగ తీగ 3 కిలోలు, అలసంద కలిసిన పచ్చిగడ్డి 10 నుంచి 12 కిలోలు, ఉలవలు 700 గ్రాములు, సోయా చెక్క 400 గ్రాములు. దాణాను మూడు పూటలుగా పంచండి. సోయాను వంద గ్రాములతో మొదలుపెట్టి వారంలో 400కు తీసుకెళ్లండి. సున్నపురాయి పొడి 30 గ్రాములు చేర్చండి. నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి, పాలు పడాలంటే నీళ్లే ముఖ్యం.

సోయా చెక్క సరిగా వేగినదో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. మూతున్న సీసాలో 50 గ్రాముల పొడి, 5 గ్రాముల యూరియా, కొంచెం గోరువెచ్చని నీళ్లు వేసి కలిపి మూత బిగించండి. అరగంట తర్వాత మూత తీస్తే అమ్మోనియా ఘాటు గుప్పుమంటే సోయా పచ్చిగా ఉన్నట్టు, అది పెట్టకూడదు. వాసన రాకపోతే సరుకు మంచిదే. పరీక్ష చేసిన పొడిని పశువులకు అందకుండా పారబోయండి.

పిల్ల తల్లి బకెట్‌లో మూతి పెడితే కొట్టి తరమకండి, రెండో నెల నుంచి అది దాణా రుచి చూడటం మంచిదే. మూడో నెల దాటాక పాలు తగ్గుతాయి, సోయాను నెలకు వంద గ్రాముల చొప్పున తగ్గించండి. పిల్లను వేరు చేయడానికి వారం ముందే తల్లికి దాణా సగం చేసి ఎండుమేతకు మార్చండి, పొదుగు గట్టిపడకుండా ఉంటుంది.